తాయారు చిక్కులో ఏముంది?

ఇటు తిరిగి నా ముందు కూర్చో తల్లీ. దువ్వెన చూసి పారిపోకు, అదేం కరవదులే. కథ చెబుతా, విను.

అనగనగా ఒక ఊళ్ళో, మగ్గం చప్పుడు వినబడితే గాని కోళ్ళు కూడా నిద్ర లేవని ఊళ్ళో, తాయారు అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడుదే. దాని జడ ఎంత పొడుగో తెలుసా? తాయారు బడికి వెళ్ళి పలక తీసి కూర్చున్నా, జడ కొస ఇంకా ఇంటి గడప దాటేది కాదు. పంతులుగారు హాజరు వేసేటప్పుడు "తాయారు వచ్చింది, జడ దారిలో ఉంది" అని రాసుకునేవారు. నవ్వుతావేం? నమ్మకపోతే ఆ పంతులుగారినే అడుగు.

వాళ్ళమ్మ సుభద్ర పట్టుచీరలు నేసేది. ఆవిడ వేళ్ళు ఎంత నాజూకంటే, గూడు తెగితే అతుకు వేయించుకోవడానికి సాలెపురుగులు కూడా ఆవిడ దగ్గరికే వచ్చేవి.

తాయారుది ఉంగరాల జుట్టు. ఒకరోజు దానికి, జుట్టు గీత గీసినట్టు నున్నగా ఉండాలని పిచ్చి పట్టింది. అప్పుడేం చేసింది? బట్టల సబ్బు పెట్టి తల రుద్దింది. ఆ తర్వాత తువ్వాలుతో గిన్నెలు తోమినట్టు తోమింది. ఆ తర్వాత చాప మీద జుట్టు పరిచి, బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టి బరబరా లాగింది. సుయ్‌మంది! అంతెత్తున పొగ లేచింది. పక్క ఊరివాళ్ళు మబ్బు పట్టిందనుకుని ఎండబెట్టిన వడియాలు లోపలికి తెచ్చేసుకున్నారు.

అప్పుడు ఆ జుట్టు కొబ్బరిపీచైపోయింది. పీచూ పీచూ పెనవేసుకుని, జడంతా కొసతో సహా వెనక్కి పైకి పాకి, పొద్దున లేచేసరికి వీపు మీద ఒకటే చిక్కు. పనసకాయంత!

అంతటితో అయిందా? తాయారు అడుగు వేస్తే చాలు, ఆ చిక్కులోంచి గణగణ, గణగణ!

ఏమిటది? ఊరంతా వచ్చి చెవి పెట్టి విన్నారు. పాలు పోసే వెంకన్న "మా దూడ మెడలో గంట పోయింది, అదే" అన్నాడు. పక్కింటి అచ్చమ్మ "కాదు, కీచురాయి గజ్జెలు కట్టుకుంది" అంది. పంతులుగారైతే "బడి గంట కనబడటం లేదే" అని తాయారు వంక అదోలా చూశారు.

తాయారుకి మాత్రం బెంగ. ఎందుకో చెప్పనా? మర్నాడు దానికి పూలజడ. మల్లెలు అయిపోతున్న రోజులు, ఆ ఏటికి అదే ఆఖరి బుట్ట. పూలజడ వేసుకుని, వెనకాల అద్దం పెట్టించుకుని, పట్నంలో ఫోటో తీయించుకోవాలని వేసవంతా కలలు కంది. వాళ్ళమ్మేమో కత్తెర తీసి గూట్లో పెట్టింది. "పొద్దుగూకేలోగా ఈ చిక్కు రాలేదో, మెడ దాకా కత్తిరించేస్తా. ఆ పూలు దేవుడి పటానికి వేస్తా" అంది.

అప్పుడు సుభద్ర ఇనుప దువ్వెన తెచ్చి, మాడు మీద పెట్టి ఒక్క లాగు లాగింది. తాయారు పెట్టిన కేకకి చింతకాయలు పండకుండానే రాలాయి. ఆ తర్వాత ఇంకా గట్టిగా లాగింది. దువ్వెన పళ్ళు పటపటా ఊడి ఎగిరాయి. ఒకటి వెళ్ళి అచ్చమ్మ వేయిస్తున్న అప్పడంలో గుచ్చుకుంది. ఆ తర్వాత గోడకి కాలు తన్నిపెట్టి మరీ లాగింది. చిక్కు రాలేదు సరికదా, ఇంకా బిగిసింది. లోపల గణగణ వెక్కిరించినట్టు మోగింది.

తాయారు ముక్కు తుడుచుకుని అడిగింది. "అమ్మా, నిన్న పట్టుదారం చిక్కుపడితే దాన్ని ఇలా లాగలేదేం?"

"లాగితే తెగుతుందే పిచ్చిదానా, పట్టు అది!"

"మరి పట్టుచీర సబ్బు పెట్టి ఉతకవేం?"

"పట్టుకి సబ్బేమిటే? కుంకుడు రసమే. పిండకూడదు, నీడన ఆరేయాలి."

"మరి బొగ్గుల పెట్టె పెడితే?"

"మాడిపోదూ…" అంటూ సుభద్ర ఆగిపోయింది. కూతురి తల వంక చూసింది. చేతిలో బోసిదువ్వెన వంక చూసింది. దాన్ని పెరట్లోకి గిరాటేసి, "రావే, నా పట్టుచీరా" అంది.

అప్పుడు కుంకుడుకాయలు కొట్టి, నానేసి, రసం తీసింది. మందారాకులు నూరి జిగురు కలిపింది. రుద్దలేదు, పట్టు ముంచినట్టు ముంచింది. ఆ తర్వాత పిండకుండా మెత్తని పాత పంచెలో చుట్టి తడి అద్దింది, నీడన ఆరనిచ్చింది. ఆ తర్వాత వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుని, పైనుంచి కాదు, కొస నుంచి మొదలుపెట్టింది. ముందు వేళ్ళతో. వేళ్ళకి లొంగాక, పళ్ళు ఎడంగా ఉన్న చెక్కదువ్వెనతో.

ఒక్కో పాయా విడుతుంటే ఒక్కోటి బయటపడింది. పంతులుగారి కళ్ళజోడు. అచ్చమ్మ గరిటె. అలిగి దాక్కున్న కోడిపిల్ల.

ఇక ఆఖరి ముడి. ఊరంతా మళ్ళీ చుట్టూ మూగింది. అది విడింది… గణగణలాడుతూ సుభద్ర ఒళ్ళో పడ్డాయి. ఏమిటి చెప్పు?

జడకుప్పెలు! వెండివి, మువ్వలున్నవి, జడ కొసకి కట్టేవి. ఉగాదికి కట్టినవి అక్కడే ఉండిపోయాయి. అంత జడ కదా, కొస దాకా ఎవరు వెళ్ళి చూస్తారు? అంత దూరాన మోగితే ఎవరికి వినబడుతుంది? సుభద్ర వాటికోసం ఇల్లంతా తవ్వి, అచ్చమ్మ పిల్లిని దొంగ అని కూడా తిట్టింది. కత్తెర వేసి ఉంటే చిక్కుతోపాటు అవీ చెత్తలోకి పోయేవి. పాపం ఆ పిల్లికి గిన్నెడు పాలు పోసి బతిమాలుకుంది.

మాడిన కొసలు మాత్రం బాగుపడలేదు. బెత్తెడు కత్తిరించక తప్పలేదు. తాయారు మూతి ముడిచింది. అయితేనేం, మర్నాడు మల్లెలన్నీ ఆ జడలోనే కూర్చున్నాయి, కొసన కుప్పెలు మోగాయి. ఫోటోలో జడ సగమే పట్టింది. మిగతా సగానికి పక్క మంగలి షాపులో అద్దం అడిగి తెచ్చారు.

ఏదీ, నీ తల తడుముకో. చిక్కేదీ? కథ చెబుతుండగానే వచ్చేసింది. ఏడ్చావా? లేదే! నీ చిక్కులో దొరికింది మాత్రం ఒక్క చేగోడీ ముక్క.

కుంకుళ్ళు తలకి, కుప్పెలు జడకి,
కత్తెర పెట్టెకి, దువ్వెన గూటికి,
కథేమో కంచికి, నువ్వేమో నిద్దరకి!