పెంచలమ్మ మేకలు, కలివికోడి అడుగులు

అనగనగా కంపపొదల నడుమ ఒక ఊరు. కాళ్ళాడించకుండా పడుకుంటేనే చెప్తా, అమ్మీ. ఆ ఊళ్ళో పెంచలమ్మ అని ఒకామె. మొగుడు లేడు, బిడ్డలు లేరు, ఆమెకున్నదంతా ముప్పై మేకలే.

ఊరి పక్కనే ఎర్రమట్టి బీడు. ఆ బీట్లో కలివిపొదలు, పొదల్లో కలివికోడి. పొడుగుకాళ్ళ చిన్నపిట్ట. ఎగిరేది తక్కువ, పరిగెత్తేది ఎక్కువ. మనుషుల కంట పడేది కాదు. తెల్లారి మేకల్ని తోలుకుపోతూ పెంచలమ్మ ఇసకలో దాని అడుగులు చూసేది. మూడే వేళ్ళు, వెనక వేలుండదు. పిట్ట బాగుందిలే అనుకుని ముందుకు పోయేది.

అప్పుడేమయింది? పొయ్యిలోకని, దడికని జనం పొదలు నరుక్కుపోతుంటే, ఇట్లయితే పిట్ట మిగలదని ఊరిపెద్ద ఓబులేసు భయపడినాడు. మంచోడేలే, కాకపోతే తొందర మనిషి. బీడు చుట్టూ ముళ్ళతీగ కట్టించి, గొడ్డలీ పోకూడదు, మేకా పోకూడదు అన్నాడు. గొడ్డలి సంగతి సరే. మేకలేం చేసినాయి పాపం? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదటి ఏడు పొదలు పచ్చగా లేచినాయి, అందరూ సంతోషపడినారు. రెండో ఏడు పొదా పొదా కలిసిపోయింది. మేత లేక పెంచలమ్మ సగం మందను అమ్ముకుని ఏడ్చింది. మూడో ఏడు ఇసకలో ఒక్క అడుగూ లేదు. నీ మేకలే దొంగతనంగా దూరుంటాయని ఊరంతా ఆమె మీదికే వచ్చింది.

అప్పుడు పెంచలమ్మ ఓబులేసును తీగ దాకా పిలుచుకుపోయి, తీగ ఎత్తిపట్టి లోపలికి నడవమన్నది. నాలుగడుగులు వేసేలోపే ఆయన పంచె పొదల ముళ్ళకు చిక్కింది. ముందుకూ పోలేడు, వెనక్కీ రాలేడు.

"అది నడిచే పిట్ట, అన్నా. పొదా కావాల, పొదకూ పొదకూ నడుమ దోవా కావాల. ఆ దోవలు నా మేకలు మేసి పెట్టేవి."

ఓబులేసు పంచె విడిపించుకుని ఇంటికి పోయినాడు. మరుసటి దినమే తీగ తీయించినాడు. గొడ్డలి మాత్రం రాకూడదన్నాడు.

ఆ తర్వాత మేకలు దినానికొక పక్క మేసినాయి. ఒక వాన పోయింది, రెండో వాన పోయింది. మూడో వాన వెలిసిన పొద్దున, ఇసకలో మూడు వేళ్ళ అడుగులు! వాటి పక్కనే చింతగింజలంత చిన్న చిన్న అడుగులు.

ఊరంతా వచ్చి, తొక్కకుండా దూరంగా నిలబడి చూసింది. ఇంక నిన్ను ఆపేవాళ్ళు లేరు, మేకల్ని తోలుకో పెంచలమ్మా అన్నాడు ఓబులేసు. ఆమె కట్టె అడ్డం పెట్టి మేకల్ని వెనక్కి మళ్ళించింది.

"పిల్లలున్నాయి, అన్నా. అవి పెద్దవయ్యేదాకా నా మేకలు ఇటు రావు."

కథేమో కంచికి, మేకలేమో మందకి,
పిట్టపిల్ల పొదకి, మా అమ్మి నిద్దరకి.