తోకతో కొలిచిన మొక్కజొన్న

పిల్లలూ, ఎవరెంత పెరిగారో చూడడానికి గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంటున్నారే, గీత పైకి పోతే బలమూ పెరిగినట్టేనా? అప్పుడే చెప్పకండి. ముందిది వినండి.

చుక్కమ్మ అనే కోడి, ఓ గుంటనక్క కలిసి పొత్తుకు చేను వేశాయి. దున్నిపెట్టింది ఎద్దు మావ. సగంలో తెల్లగింజల కొత్తరకం మొక్కజొన్న, సగంలో పసుపు గింజల నాటురకం. కోడికి ఎనిమిది పిల్లలు. వాటిని చలికాలం దాటించాలంటే ఈ పంటే ఆధారం.

నక్క రోజూ పొద్దున్నే తన తోకతో మొక్కల్ని కొలిచేది. నెలన్నరకి తెల్లది నాలుగు తోకలు, నాటుది రెండే. పైకి చూసి చూసి మెడ పట్టేసినా, వంకర మెడతోనే గంతులేసింది. తెల్ల సగం తనదే అంది.

"పొడుగు చూసి మోసపోకు బావా," అంది కోడి. "విత్తగా మిగిలిన గింజలు నూరి, నాలుగు పిల్లలకి తెల్లవీ, నాలుగింటికి నాటువీ పెట్టి చూశా. తెల్లవి తిన్నవి మూల ముడుచుకున్నాయి. నాటువి తిన్నవాటికి ఈకలొచ్చేశాయి."

ఆ ఈకలొచ్చినవి అప్పటికే నక్క వీపెక్కి జారుడుబల్ల ఆడుతున్నాయి. నక్క వాటిని దులుపుకుంది గానీ చూడలేదు.

"నన్నే బుట్టలో వేస్తావా? పొడుగువి నువ్వు కొట్టేద్దామనేగా," అని, ఎద్దును పిలిచి, మాట మార్చనని కోడి చేత ఒట్టు వేయించింది. తనూ వేసింది.

కోత రోజు వచ్చింది. నక్క కంకి ఒలిచింది. పొర, దాని కింద పొర, మళ్లీ పొర. చివరికి బొటనవేలంత కంకి. అక్కడో గింజ, ఇక్కడో గింజ, అచ్చం నా పళ్లవరసే అనుకోండి. కోడి కంకులేమో ముక్కు తగిలేసరికే గింజలు రాలుస్తున్నాయి.

"చుక్కమ్మా, పిల్లలతల్లివి, మార్చుకుందామా?" అంది నక్క మెల్లగా.

ఎద్దు నెమరు ఆపింది. "ఒట్టు పెట్టించిందెవరు అల్లుడూ? నీ చొప్ప మాత్రం బ్రహ్మాండం. నువ్వెలాగూ తినవు, ఇటు తోసెయ్."

నక్క తోస్తూ ఉంటే, మూల ముడుచుకున్నవీ నాటు గింజలతో తేరుకుని, ఎనిమిది పిల్లలూ ఆ చొప్పమోపు మీంచి వరసగా జారాయి.

పంట ఎదుగుదలని చేలో కాదు, తిన్నవాళ్ల ఒంట్లో కొలవాలి.

ఇక లేస్తా. నేను సగం ఒలిచిన కంకులు చాటలో అలాగే ఉన్నాయి.