నూకాలు అంబలి

ఎప్పటి మాటో చెప్పలేను. చెరకు గడ మనిషి నడుమంత లావుండేదని మా వైపు ముసలాళ్లు కోతలు కోస్తారే, ఆనాటి మాట అనుకోండి. గానుగపాలెం అని ఒక ఊరు. ఊరంతా బెల్లం వండేవాళ్లే. ఆ ఊళ్లో నూకాలు అనే ఆవిడ పెద్ద పెనం కింద పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి ఎగదోసేది. పాకం పొంగితే పిప్పి లాగేసేది.

ఆవిడకి ఒక జబ్బుండేది. ఏది చూసినా ఎందుకని అడిగేది. అడిగి అడిగి మొగుణ్ణి వేపుకు తినేదని చెప్పుకుంటారు. పాపం, ఆయన తొందరగానే పోయాడు.

బెల్లం వండేచోట ఒళ్లు కాలడం మామూలే. కాలినవాళ్లను అరటాకు మీద పడుకోబెట్టి, అటూ ఇటూ ఒత్తిగిలించే పని కూడా నూకాలుదే. వాళ్లకు తిండి మాత్రం పెట్టేవాళ్లు కాదు.

"పెనం పొంగితే ఏటి సేస్తాం? పిప్పి లాగేస్తాం. మనిసి ఒంట్లో అగ్గి దూరితే తిండి లాగేయాల" అనేవాడు ఊరిపెద్ద సన్యాసినాయుడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పొయ్యి ముందు బతికేవాళ్లకు ఆ మాట సబబుగానే తోచింది. నూకాలుకీ తోచింది.

ఒక ఏడు బక్క అప్పలసామి వీపు మీద పాకం పడింది. గుక్కెడు నీళ్లిచ్చి పస్తు ఉంచారు. నూకాలు రోజూ ఒత్తిగిలిస్తుంటే, రోజూ తేలికవుతున్నాడు. "ఈడి ఒళ్లు ఎక్కడికి పోతంది?" అందావిడ. వీపు మానకుండానే అప్పలసామి పోయాడు.

మరుసటి ఏడు దిట్టంగా ఉండే పోలయ్యకు అలాగే కాలింది, అంతే కాలింది. అతనికీ పస్తే. అతనూ రోజురోజుకీ తేలికయ్యాడు. "ఈడి ఒళ్లు ఎక్కడికి పోతంది?" అంది నూకాలు. పోలయ్య చిక్కి సగమయ్యాడు గానీ, బతికాడు.

ఓహో, ఒంట్లో కండ ఉంటే బతుకుతారన్నమాట అనుకుంది. ఆపై ఏడు భూషణం కాలాడు. భూషణం అంటే మంచంలో పట్టనంత లావు మనిషి. ఆయన బండెక్కితే ఎద్దులు వెనక్కి తిరిగి చూసేవట. ఈయనకేం ఢోకా లేదనుకుంది నూకాలు. కానీ పడుకుంటే ఆయాసం. ఒత్తిగిలించడానికి నలుగురు చాలరు. వీపు కింద ఇంకో పుండు పడింది. భూషణమూ పోయాడు. బక్కోళ్లు ఆగరు, మరీ లావోళ్లూ ఆగరు. అంటే ఏమిటి? నూకాలుకి అన్నం సయించలేదు.

అదే ఆలోచనలో ఉండగా ఆవిడ కోడలు చిన్నాలు మీద పాకం ఒలికింది. చిన్నాలు అంటే గాలొస్తే పట్టుకోవాల్సినంత బక్క. కొడుకు బెల్లం బళ్లతో ఊళ్లు తిరిగేవాడు. ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లే. రోజంతా కీచులాడుకునేదీ వాళ్లే, సాయంత్రం ఒకరి జడ ఒకరు వేసుకునేదీ వాళ్లే. నూకాలు చన్నీళ్లు పోసి, కోడల్ని అరటాకు మీద పడుకోబెట్టింది. ఒత్తిగిలించబోతే అరచేతుల్లో అప్పలసామి బరువే తగిలింది.

వెళ్లి పొయ్యి ముందు కూర్చుంది. పాకం పొంగుతుంటే పిప్పి లాగింది. పొంగు దిగింది. పెనం పెనంలాగే ఉంది.

"పెనం ఇనుము. నా కోడలు ఇనుమా?" అంది పైకే. "తిండి లాగేస్తే ఆ అగ్గి ఆరదు. మనిసినే పిప్పి సేసుకుని తినేస్తది!"

లేచి చోడిపిండితో, అదే రాగిపిండితో, చిక్కగా అంబలి కాచింది. గుడ్డు కొట్టి కలిపింది, బెల్లం వేసింది. సన్యాసినాయుడు పరిగెత్తుకొచ్చాడు.

"ఏటి నూకాలొదినా, మండే పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తన్నావా? కోడలు గుంటని సంపేస్తావా?"

"సచ్చిపోతే నన్నూ దాంతోపాటే కాల్చీండి. నానుండగా నా కోడలు పస్తుండదు."

అంది గానీ, ఆవిడకు మాత్రం నమ్మకమా ఏమన్నానా? చిన్నాలు పళ్లు బిగించింది.

"వద్దత్తా. మంటెక్కువైపోద్దంట."

"రోజూ ఎదురు సెప్తావు గదే. ఈ ఒక్కపాలి నా మాటిను."

మొదటి గరిటె కక్కేసింది. రెండోది సగం కక్కింది. మూడోది మింగింది.

ఇక పూటపూటా అంబలే. ఒత్తిగిలించినప్పుడల్లా నూకాలు బరువు చూసుకునేది. తేలికవుతోందా? అవుతోంది. తర్వాత ఆగింది. తర్వాత ఒక పొద్దున చేతులకు కాస్త బరువు తగిలింది. "ఒలే, బరువెక్కావే!" అని నూకాలు బావురుమంది. పుండ్ల అంచుల్లో కొత్త చర్మం కనిపించింది. చిన్నాలు లేచి కూర్చుని, అంబలిలో బెల్లం తక్కువైందని అత్తతో తగువు పెట్టుకుంది.

సన్యాసినాయుడు వచ్చి చూశాడు.

"అయితే అప్పలసామిని మనమే మాడ్చేసామా ఒదినా?"

"మనవే" అంది నూకాలు.

ఆ తర్వాత చాన్నాళ్లు బతికి నూకాలు పోయింది. చివర్లో తిండి సయించక చిక్కి శల్యమైంది. కట్టెల మీద పడుకోబెట్టి అందరూ నోట్లో బియ్యం గింజలు వేశారు. చిన్నాలు ముంతతో అంబలి తెచ్చింది. అలా ఎవరూ చెయ్యరన్నారు పెద్దలు.

"మా అత్త అగ్గిలోకెల్తంది. కాళీ కడుపుతో ఎలా పంపుతానర్రా?" అంది చిన్నాలు, మచ్చల చేత్తో గరిటె నోటికి అందిస్తూ. ఎవరూ అడ్డం రాలేదు.

ఇప్పటికీ ఆ పల్లెల్లో చితి మీది మనిషికి గరిటెడు అంబలి పెట్టాకే నిప్పంటిస్తారు. బతికున్నవాళ్లకు ఒళ్లు కాలితే చన్నీళ్లు పోసి, ఎలా కాలిందని అడిగేలోపే ఇంటింటి నుంచీ అంబలి తెస్తారు. వద్దని మొహం తిప్పుకుంటే, పెట్టేవాడు మీసాల మగాడైనా సరే, గరిటె నోటి దగ్గర పట్టుకుని, "మీ అత్త పెడతంది, తిను" అంటాడు.