మహామంత్రి బిరుదులు మోసిన స్కేట్‌బోర్డు

మేడలపురం రాజు హేమవర్మకు ఆ రోజు చిరాకెత్తింది. పొద్దున్నే కొలువు తీరితే పొగడడానికి ఒక్కడూ లేడు. సామంతులూ సేనానులూ అందరూ రాజవీధి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. వేళకు వచ్చింది అర్జీలు చదివే వీరక్క ఒక్కతే. ఊరి వాకిలి దగ్గర కాపురం, ఆరు మైళ్ళ దూరం. అయినా కరెంటు స్కేట్‌బోర్డు ఎక్కి పావుగంటలో వాలిపోతుంది.

మహామంత్రి చండభానుడు మధ్యాహ్నానికి దిగాడు. పదహారు మంది బోయీలు మోసే అతని పల్లకీ రోడ్డుకు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంటుంది.

"ఆలస్యానికి కారణం ఈ బోర్డులే ప్రభూ. పనిపాటల జనం కూడా నిటారుగా నిలబడి పోతున్నారు. నిషేధించాలి," అన్నాడు.

"రోడ్డేసింది జనం పన్నులతో. జనానికే చోటు లేదంటే ఎలా?" అంది వీరక్క.

రాజుకు సరదా పుట్టింది. "రేపు ఇద్దరూ ఊరి వాకిలి నుంచి ఒకేసారి బయలుదేరండి. కోట గంట ముందు కొట్టినవాళ్ళ వాహనం ఉంటుంది. రెండోది నిషేధం."

చండభానుడు మీసం దువ్వాడు. మహామంత్రి పల్లకీని దాటితే ఆరు నెలల ఖైదు. ఆ చట్టం రాసిందీ అతనే.

వీరక్క లెక్క వేసుకుంది. బోర్డు పోతే నడక, నడిస్తే ఆలస్యం, ఆలస్యమైతే ఉద్యోగం ఊడుతుంది.

మర్నాడు పొద్దున పల్లకీ ముందు, వీరక్క వెనక. బోర్డు తాబేలులా పాకుతోంది. పల్లకీకి ముందు ముసలి వంది ఒకడు పరుగెడుతూ మంత్రిగారి బిరుదులు అరుస్తున్నాడు. ఆయాసంతో సగం మింగేస్తున్నాడు.

"శిలాఫలక సార్వభౌమ... గోతుల..."

"గోతుల దగ్గర ఆగుతావేమయ్యా, పూర్తిగా చెప్పు," అని విసుక్కున్నాడు చండభానుడు.

వీరక్క పల్లకీ వెనక నుంచే పలికింది. "పెద్దాయనను వదిలేయండి మంత్రిగారూ. చదవడం నా వృత్తి. ఆ బిరుదులు నేను చదవనా?"

చండభానుడు పొంగిపోయాడు. "ఎలాగూ ఓడిపోతావు. నన్ను పొగుడుతూ ఓడిపో. రా, ముందుకు రా." బోయీలు దారిచ్చారు.

వీరక్క ముందుకొచ్చి గొంతెత్తింది. "శిలాఫలక సార్వభౌమ, గోతుల పరిశీలనా ధురంధర, ప్రారంభోత్సవ భయంకర..."

"బాగుంది. కానీ సంతవీధి వాళ్ళకు వినపడాలి. ఇంకాస్త ముందుకెళ్ళు."

వెళ్ళింది.

"కంసాలి వీధికి కూడా."

అక్కడికీ వెళ్ళింది.

"కోట దాకా మోగిపోవాలమ్మా," అన్నాడు చండభానుడు, కళ్ళు మూసుకుని.

వీరక్క చేతిలోని బోర్డు రిమోట్ నొక్కింది. బోర్డు బాణంలా దూసుకుపోయింది. కోట గంట మోగింది.

మంత్రి పల్లకీ చేరేసరికి రాజు రెండోసారి ఫలహారం చేస్తున్నాడు.

"ప్రభూ, ఇది నేరం," అన్నాడు చండభానుడు వగరుస్తూ. మోసింది బోయీలే అయినా వగర్చింది అతనే. "నా పల్లకీని దాటింది. ఖైదు చేయించండి."

రాజు వీరక్క వైపు చూశాడు. "దాటావా?"

"ముందుకు రమ్మన్నదీ వారే, కోట దాకా మోగించమన్నదీ వారే ప్రభూ," అంది వీరక్క చేతులు కట్టుకుని.

"నేను వారిని దాటలేదు. వారి బిరుదులే వారిని దాటేశాయి. వాటిని మోయడం మాత్రం నా బోర్డు చేసింది."

రాజుకు పొలమారింది. సభంతా గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది పల్లకీ దించి చెమట తుడుచుకుంటున్న బోయీలు.

రాజు తన మెడలో హారం తీసి వీరక్కకు ఇచ్చి, రాజవీధిలో సగం బోర్డుల వాళ్ళకు రాసిచ్చాడు. పల్లకీ రద్దయింది. పదహారు మంది బోయీలకూ ముసలి వందికీ తలా ఒక స్కేట్‌బోర్డు దక్కింది.

సాయంత్రం వాళ్ళంతా రయ్యిన ఇళ్ళకు పోతుంటే, మంత్రిగారు పక్కన నడిచారు.