చుక్కి ముంగిట గరిక

చలికొండ అడవిలో లేళ్లు, ఉడుతలు, ముళ్లపందులు, కుందేళ్లు కలిసిమెలిసి ఉండేవి. కలిసిమెలిసి అంటే, రోజుకొక్కసారైనా ఒకరినొకరు చూసి మూతి విరుచుకుంటూ అన్నమాట.

అక్కడ సింగారి, చుక్కి అని రెండు ఆడ కుందేళ్లు. ఇద్దరూ తోటికోడళ్లు. పక్కపక్కనే బొరియలు, ఒక్కో బొరియ ముందు చక్కటి గరిక జాగా. పొద్దున్నే గుమ్మంలోంచి మూతి చాపితే చాలు, ఫలహారం సిద్ధం.

మార్గశిరం వచ్చింది. తెల్లవారేసరికి గరిక మీద మంచు ఉప్పులా పేరుకునేది. పది రోజుల్లో రెండు జాగాలూ పచ్చదనం పోయి గడ్డివాము రంగుకు తిరిగాయి. చుక్కికి గుండె జారిపోయింది. శివరాత్రి దాటగానే దానికి కాన్పు. గరిక లేకపోతే పాలు పడవు. పాలు పడకపోతే పిల్లలు బతకవు.

"నీకు చూసుకోవడం చేతకాదే," అంది సింగారి. "నా గరికను పసిబిడ్డలా సాకుతాను, చూస్తూ ఉండు."

అది రోజూ సాయంత్రం మోదుగాకు డొప్పతో వాగునీళ్లు తెచ్చి చల్లేది. పైన ఎండుటాకులు దుప్పటిలా మందంగా కప్పేది.

చుక్కి కూడా ఆకులు పోగేయబోయింది. అంతలో అత్త పోలమ్మ వచ్చింది.

"ఏంటే ఈ హడావిడి?"

"గరిక చచ్చిపోయింది అత్తా!" అంటూ చుక్కి ఏడ్చేసింది.

పోలమ్మ ఒక పరక పీకి చూపించింది. "వేరు చూడు, తెల్లగా, గట్టిగా ఉంది. ఇది చావలేదు, నిద్రపోతోంది. రాలిన ఆకులు ఊడ్చెయ్. సాయంత్రం నీళ్లు పొయ్యకు, రాత్రి చలికి తడి ఆరక కుళ్లుతుంది. రోజూ పొద్దున మంచు కరిగేదాకా దాని మీద కాలు పెట్టకు, పరకలు విరుగుతాయి."

"అంతేనా?"

"అంతే. అదే కష్టం. చేతులు ఊరుకోవుగా!"

నిజంగానే ఊరుకోలేదు. ఒకనాటి సాయంత్రం చుక్కి డొప్పెడు నీళ్లు తెచ్చింది కూడా. పొయ్యబోతూ ఒక పరక పీకి చూసింది. వేరు తెల్లగానే ఉంది. నీళ్లు తనే తాగేసి లోపలికి వెళ్లిపోయింది.

పొద్దుటిపూట వాగుకు పోవాలంటే గరిక తొక్కకుండా పక్కనున్న ముళ్లపొద చుట్టూ తిరిగి వెళ్లేది.

"ఇంటిముందు గడ్డికి ప్రదక్షిణాలు చేసే కుందేలును నిన్నొక్కదాన్నే చూశాను!" అని సింగారి పడిపడి నవ్వేది. చుక్కికి కళ్లనీళ్లు తిరిగేవి. అయినా చుట్టూ తిరిగే వెళ్లేది.

మాఘం చివరికి ఎండ చురుక్కుమంది. ఒక ఉదయం చుక్కి మూతి చాపింది. ఎండు పరకల మధ్య సూదిమొనల్లా పచ్చటి చిగుళ్లు! "అమ్మయ్య!" అని అక్కడే కూలబడి తనివితీరా ఏడ్చింది. వారం తిరిగేసరికి నాలుగు పిల్లలు పుట్టాయి. పాలకు లోటు లేదు.

ఆ వారమే సింగారి తన ఆకుల దుప్పటి తీసింది. కింద గరిక నల్లగా కుళ్లి కంపు కొడుతోంది. పట్టుకుంటే వేర్లతో సహా ఊడివచ్చింది.

"ఎంత ప్రేమగా చూసుకున్నానే!" అని సింగారి తల పట్టుకుంది.

"బాధపడకక్కా. వానలు పడ్డాక నా గరిక కణుపులు నాటుకుందువుగాని. అందాకా ఇద్దరం ఇక్కడే తిందాం, రా," అంది చుక్కి.

సింగారి సిగ్గుపడుతూ బయల్దేరింది. మంచు పోయి చాలా రోజులైనా, ముళ్లపొద చుట్టూ తిరిగి వచ్చింది.

చుక్కి నవ్వు ఆపుకోలేకపోయింది. "అక్కా, ఇప్పుడు తొక్కొచ్చులే!"

నీతి: ప్రేమ ఒక్కటే చాలదు, ఎప్పుడు చెయ్యాలో, ఎప్పుడు చేతులు కట్టుకుని ఆగాలో కూడా తెలియాలి.