పలుపు చేతికొచ్చాక

ఆశ్రమంలో శేషాద్రయ్య గారిని ఎవరు ఏ సందేహం అడిగినా ముందు "అన్నం తిన్నావా?" అంటారు. మర్యాదకు అడిగే మాట కాదది. జవాబు వచ్చేదాకా ఆగుతారు. ఆ మధ్యాహ్నం మాధవరావు వచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా అదే అడిగారు.

"తిన్నానండీ. సుందరమ్మ వడ్డించింది గాని, మారు కావాలా అని అడగలేదు. ఈ మధ్య అడగటమే మానేసింది," అన్నాడు మాధవరావు.

ఆశ్రమం పనులన్నీ చక్కబెట్టేది అతనే. అంతమందికి రోట్లో రుబ్బలేక వంటమనిషి సుందరమ్మ అవస్థ పడుతోందని, ఆమెకో పెద్ద గ్రైండరు ఇప్పించాలనుకున్నాడు. కలిగిన ఆసామి ఒకాయన భోజనానికి వచ్చినప్పుడు, "మా సుందరమ్మ ఇడ్లీ గోడకేసి కొడితే గోడే పగులుతుందండీ. యంత్రమేదన్నా వస్తే తప్ప మా పళ్ళు దక్కవు," అన్నాడు. ఆయన పగలబడి నవ్వి గ్రైండరు పంపించాడు. ఆ మాట అన్నప్పుడు సుందరమ్మ తలుపు పక్కనే ఉంది.

"ఆమె ఇడ్లీలు దూదిపింజల్లా ఉంటాయని మీకూ తెలుసు. ఆమె సుఖం కోసమే అన్నాను. మనసులో లేని మాట కూడా అంటుకుంటుందా గురువుగారూ?"

శేషాద్రయ్య గారు వెంగయ్య అనే రైతు సంగతి చెప్పారు.

కందుకూరు వైపు వెంగయ్యను మించిన బేరగాడు లేడు. ఎవరు ఎడ్లు కొన్నా సంతకు అతన్ని వెంట తీసుకుపోయేవాళ్ళు. నచ్చిన ఎద్దు దగ్గరికి నేరుగా పోడు. పోయాక దాని పళ్ళు చూసి పెదవి విరుస్తాడు, సుడి మంచిది కాదంటాడు, నడకలో ఈడుపుందంటాడు. అప్పటికీ అమ్మేవాడు దిగకపోతే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. మెల్లగా నడుస్తాడు, పిలిస్తే వినపడేంత మెల్లగా. వెనక్కి మాత్రం చూడడు. చూసినవాడి బేరం పోయినట్టే. బేరం కుదిరి పలుపు చేతికొచ్చాక, ఎద్దు మెడ నిమిరి, "నీకేం తక్కువరా మహారాజా, అన్నవన్నీ బేరం మాటలు, మనసులో పెట్టుకోకు," అని చెవిలో చెప్పేవాడు. ఆ మాట చెప్పకుండా ఒక్క ఎద్దునూ ఇంటికి తోలలేదు. కొడుకు మాలకొండయ్యను చిన్నప్పటినుంచీ సంతకు తిప్పాడు. "వంక పెట్టేవాడు కొనేవాడు, పొగిడేవాడు అమ్మేవాడు. గుర్తుపెట్టుకో కొండా," అని నేర్పాడు.

ఆ కొండ పెద్దవాడయ్యాక ఒకసారి సొంత ట్రాక్టరును కాలవలో బోల్తా కొట్టించాడు. వెంగయ్య పరుగెత్తుకుంటూ పోయి, బురదలోంచి లేచిన కొడుకు ఒళ్ళంతా తడిమి చూసి, "నీకేం కాలేదుగా, చాల్లే," అన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. కొండ చాలాకాలం స్టీరింగు ముట్టుకోలేదు. మళ్ళీ ముట్టుకున్నాక ఊళ్ళో అతనంత ఒడుపుగా తోలేవాడు లేడనిపించుకున్నాడు. బత్తాయి తోట కాపుకొచ్చింది. కాయలు మార్కెట్టుకు వేసుకుపోవడానికి పికప్ బండి కొందామన్నాడు కొండ. వెంగయ్య సరేనని అతన్ని వెంటబెట్టుకుని ఒంగోలు షోరూముకు పోయాడు.

అక్కడ చిక్కు వచ్చింది. తెల్లగా మెరిసిపోతున్న కొత్త బండి. దానికి పళ్ళు లేవు, సుడుల్లేవు. వెంగయ్య చుట్టూ తిరిగాడు, టైరును కాలితో తన్ని చూశాడు, తొట్టి మీద చరిచాడు. వంక దొరకలేదు. టై కట్టుకున్న కుర్రాడు, "కంపెనీ రేటు పెద్దాయనా, మా చేతిలో ఏమీ లేదు," అంటున్నాడు. వంక పెట్టడానికి అక్కడ మిగిలింది కొడుకొక్కడే.

"బండికేం నాయనా, బంగారం. తోలేవాణ్ణి చూడు. వీడు డ్రైవరంటే నువ్వు నమ్ముతావా?" అన్నాడు వెంగయ్య.

కొండ నవ్వాడు. బేరంలో వంత పాడటం అతనికి అలవాటే.

"నవ్వుతున్నాడు చూడు. ట్రాక్టరును కాలవలో పండబెట్టొచ్చిన మొనగాడు. వీడి చేతిలో పడ్డాక ఇది ఎన్నాళ్ళుంటుందో ఆ దేవుడికెరుక. దీనికి నీ రేటు పెట్టమంటావా? కొనేది బండి కాదయ్యా, పాత ఇనుము!"

పక్క బల్లల దగ్గరివాళ్ళు కూడా నవ్వారు. కొండ మాత్రం నవ్వు ఆపేశాడు. వెంగయ్య అది చూడలేదు. అతని కళ్ళు బేరం మీద ఉన్నాయి. "పదరా," అని కొడుకు రెక్క పట్టుకుని, తువ్వాలు దులుపుకుని, మెల్లగా గుమ్మం వైపు నడిచాడు. గుమ్మం దాటకముందే పిలుపు వచ్చింది. రేటు దిగింది. పైన టార్పాలిన్ ఊరికే ఇచ్చారు.

బండి చేతికిచ్చిన రోజు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు ఉంచారు. వెంగయ్య ముందుకు పోయి బానెట్టు నిమిరాడు. "నీకేం తక్కువ తల్లీ, అన్నవన్నీ బేరం మాటలు, మనసులో పెట్టుకోకు," అన్నాడు. నిజానికి ఆ బండికి అతను ఒక్క వంకా పెట్టలేదు. తాళంచెవి పట్టుకుని కొండ అడుగు దూరంలోనే ఉన్నాడు. కాసేపు నిలబడ్డాడు. తర్వాత అటు తిరిగి పోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"ఎట్టా వంచానురా వాణ్ణి!" అన్నాడు వెంగయ్య దారిలో.

"బాగా వంచావు నాన్నా," అన్నాడు కొండ.

అప్పటినుంచి కొండ బండిని నత్తలా తోలేవాడు. ప్రతి కాలవ వంతెన ముందూ ఆపి, దిగి చూసి, మళ్ళీ ఎక్కేవాడు. కాయలు మార్కెట్టుకు చేరేసరికి వేలం అయిపోయేది. "కాయ వాడిపోతుంది, కాస్త తొందరగా పోరాదా?" అంటే, "దారిలో కాలవలున్నాయి నాన్నా," అనేవాడు. ఒకరోజు పొద్దున్నే తాళంచెవి గోడ మేకుకు తగిలించి, ఒంగోలులో ఎవరిదో లారీ మీద డ్రైవరుగా చేరిపోయాడు. వెంగయ్య జీతానికి మనుషుల్ని పెట్టాడు. ఎవరూ నిలవలేదు. కొడుకు ఎందుకు పోయాడో అతనికి అంతుపట్టలేదు. చివరికి భార్యే అంది. "ఎద్దులకు చెప్పావు, ఇనప బండికి చెప్పావు. వాడికేం చెప్పావయ్యా?"

వెంగయ్య ఆ పూటే బయల్దేరి ఒంగోలులో లారీలు ఆగే చోటుకు పోయాడు. కొండ చేతుల గ్రీజు తుడుచుకుంటూ వచ్చాడు. కుశలం అడిగాడు, టీ తెప్పించాడు. వెంగయ్యకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. జన్మలో మొదటిసారి నేరుగా అన్నాడు.

"ఆ పొద్దు అన్నది బేరం మాట కొండా. నీ అంత బాగా తోలేవాడు మన వైపే లేడు. నాకు తెలుసు."

కొండ తండ్రి ముఖంలోకి కాసేపు చూశాడు. "పొగిడేవాడు అమ్మేవాడని నువ్వే చెప్పావుగా నాన్నా," అన్నాడు. "బండికి మనిషి దొరకలేదా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు. తనకు తెలిసిన డ్రైవరు ఒకడున్నాడని, పంపిస్తానని కూడా అన్నాడు.

వెంగయ్య టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. మెల్లగా నడిచాడు, పిలిస్తే వినపడేంత మెల్లగా. పిలుపు రాలేదు. గేటు దగ్గర ఆగి, సంతలో ఎన్నడూ చేయని పని చేశాడు. వెనక్కి తిరిగి చూశాడు. కొండ లారీ ఇంజను మీదకి వంగి పని చేసుకుంటున్నాడు.

శేషాద్రయ్య గారు అక్కడ ఆపేశారు.

"తర్వాతండీ?" అన్నాడు మాధవరావు.

"తర్వాతేముంది. బండి అమ్మేశాడు. కొనవచ్చినవాడు నోటికొచ్చిన వంకలన్నీ పెడుతుంటే ఒక్కదానికీ బదులు చెప్పలేదట."

లోపల వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. శేషాద్రయ్య గారు అటు చెవి ఒగ్గి, "సుందరమ్మ ఇంకా ఉన్నట్టుంది, వెళ్ళు," అన్నారు. మాధవరావు లేచాక మళ్ళీ అన్నారు.

"గ్రైండరు ఊసు మాత్రం ఎత్తకు."