చెమటకు దిగిన నీలం

"దుప్పటి చిరిగిపోవచ్చు గానీ ఈ నీలం పోదు. ఇది మా మాట!"

వారం అంగడిలో ఎడ్లబండి ఎక్కి, అద్దకం కొట్టంలో పని నేర్చుకునే విద్యాసాగర్ అరిచి చెప్పిన మాట అది. నలభై దుప్పట్లు ఆ ఒక్క మాట మీదే అమ్ముడుపోయాయి.

నాలుగు నెలల తర్వాత, మార్చి మొదటి వారంలో, ఒక దుప్పటి తిరిగొచ్చింది.

తెచ్చినామె పేరు సుగుణవ్వ. అద్దకం కొట్టం గడప దగ్గరే ఆగిపోయింది. మూట విప్పకుండానే చెప్పింది. మామకు జ్వరం వచ్చి మూడు రోజులు ఈ దుప్పటి కిందే చెమటలో నానాడట. నాలుగో రోజు పోయాడు. స్నానం చేయించబోతే మెడ, చేతులు, పొట్ట అంతా నీలం.

"నేనే మందు పెట్టి సంపిన్నంటున్నరు. పదకొండో దినం నాడు పంచాయతి. నన్ను ఎల్లగొట్టి పిల్లను ఉంచుకుంటరట."

ఉస్తాద్ నూరుద్దీన్ బానల దగ్గర కూర్చునే విన్నాడు. నేలలోకి పాతిన నాలుగు నీలిమందు బానలవి. మూత తీసే ముందు ప్రతిసారీ, తలుపు తట్టినట్టు, వేళ్ళతో మెల్లగా తడతాడాయన. ముంచిన బట్ట పచ్చగా పైకొస్తుంది. గాలి తగలగానే కళ్ళముందే నీలమవుతుంది. మూడేళ్ళుగా చూస్తున్నా ఆ క్షణంలో విద్యాసాగర్‌కు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

"ఎన్నిసార్లు ముంచినవ్ బేటా?"

పలచటి బానలో పన్నెండుసార్లు ముంచాలి, మధ్యమధ్యలో గాలికి ఆరబెట్టాలి. అదీ ఆ కొట్టం పద్ధతి. విద్యాసాగర్ చిక్కటి బానలో ఒక్కసారే ముంచాడు. కంటికి తేడా కనిపించలేదు.

"ఒక్కసారే, ఉస్తాద్. పన్నెండుసార్లు ముంచుకుంటూ కూచుంటే అయ్యే నాలుగు దుప్పట్లు దొరల మంచాలకే సరిపోతయి. పేదోడి ఒంటికీ నీలం దక్కాలె! రంగు దిగిందంటే తప్పు మిల్లు నూలుది. కల్తీ మందు అమ్మిన దళారిది. ఈ దోపిడీ వ్యవస్థది!"

"వ్యవస్థను పిలువు మరి. బానల చెయ్యి ఎవరు పెట్టిన్రో అడుగుదాం."



ఉస్తాద్ లేచి మూట విప్పాడు. దుప్పటిని దులిపి వెలుతురుకు పట్టాడు. చుట్టూ ముదురు నీలం. నడుమ పాలిపోయిన మనిషి. తల, భుజాలు, పక్కకు ముడిచిన మోకాళ్ళు.

"పండు," అన్నాడు విద్యాసాగర్‌కు నేల చూపిస్తూ.

"ఎందుకు?"

"పండు బేటా."

బనీను మీదున్న విద్యాసాగర్ తడినేల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఉస్తాద్ దుప్పటి మీద నీళ్ళు చల్లి, ముఖం మునిగేలా కప్పాడు.

పాత జ్వరం వాసన. కాళ్ళు చాపుకుందామనుకున్నాడు. మోకాళ్ళు వాటంతటవే పక్కకు ముడుచుకున్నాయి. దగ్గరి బానలో ఏదో గుడగుడమంది, లోపల ఎవరో చాలాసేపు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు. దళారి, మిల్లు, వ్యవస్థ అన్నీ గొంతుదాకా వచ్చాయి. నోరు తెరిస్తే తడిబట్ట నోట్లోకి వచ్చింది.

ఎంతసేపయిందో తెలియలేదు. ఉస్తాద్ దుప్పటి లాగేశాడు.

విద్యాసాగర్ లేచి కూర్చున్నాడు. మెడ నీలం. చేతులు నీలం.

గడప దగ్గర సుగుణవ్వ ఒక్క అడుగు వెనక్కి వేసింది. అతని వంక చూస్తూనే, మామ ఎదురుపడినట్టు, కొంగు తలమీదికి లాక్కుంది.

విద్యాసాగర్ నీళ్ళ చెంబు అందుకోబోయాడు. ఉస్తాద్ దాన్ని పక్కకు జరిపాడు.

"కడుక్కోకు. గిట్లనే ఆమె ఎంట పో. పంచాయతి మార్చి పద్నాలుగున. ఆ లోపల ఆ ఊరికి జవాబు కావాలె."